జ్వరం ఉన్నప్పుడు నెగెటివ్, తగ్గాక పాజిటివ్: కిట్ తేడానా, నా ఒళ్ళు తేడానా?

గుడ్లగూబ_22
అందరికీ నమస్తే, ఒక డౌట్, నవ్వకండి. సోమవారం సాయంత్రం గొంతు గరగర, రాత్రికి 102 జ్వరం, ఒళ్ళంతా ఎవరో రోకలితో దంచినట్టు. వెంటనే ఇంట్లో ఉన్న కోవిడ్ యాంటీజెన్ కిట్ చేస్కున్నా, నెగెటివ్. మంగళవారం పొద్దున ఇంకోటి, అదీ నెగెటివ్. హమ్మయ్య మామూలు జలుబే అనుకుని మాస్కు కూడా తీసేశా. గురువారానికి జ్వరం పోయింది, లేచి తిరుగుతున్నా, శుక్రవారం ఊరికే ఒకటి మిగిలింది కదా అని చేస్తే టీ (టెస్ట్) దగ్గర ఇంత లావు గీత, సీ (కంట్రోల్) గీత కంటే ముదురు! అంటే రోగం ఉన్నప్పుడు లేదంది, పోయాక ఉందంది. మూడూ ఒకే డబ్బాలోవే, ఎక్స్‌పైరీ కూడా అవ్వలేదు. ఏంటిది అసలు?

వాదన_రాయుడు
ఏముంది, కిట్లన్నీ అంతే. రూపాయి బిళ్ళ ఎగరేసినా ఇదే రిజల్ట్ వస్తుంది, ఆ ముక్కు గెలుక్కునే బాధైనా తప్పుతుంది.

ల్యాబ్‌కోటు
రాయుడు గారూ బొమ్మా బొరుసా అయితే పాజిటివ్‌లు కూడా సగం తప్పు రావాలి కదా, అలా రావు. తప్పు పాజిటివ్ చాలా అరుదు, తప్పు నెగెటివ్ మాత్రం మామూలే, ఆ రెంటికీ తేడా ఉంది.

గుడ్లగూబా, ముందు ఆ స్ట్రిప్‌లో ఏం జరుగుతుందో చెప్తా, సగం డౌట్ అక్కడే పోతుంది. అది వైరస్‌ని మొత్తంగా పట్టదు, వైరస్ లోపల దాని ఆర్‌ఎన్‌ఏకి చుట్టుకుని ఉండే ఎన్ ప్రోటీన్‌ని పడుతుంది, ఒక్కో వైరస్‌లో అదే కుప్పలుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. మీరు చుక్కలేసే చోటు పక్కనే ఎండబెట్టిన యాంటీబాడీలుంటాయి, వాటికి బంగారం రేణువులు అంటించి ఉంటాయి (నిజం బంగారమే, అంత సన్నగా అయ్యేసరికి పసుపు పోయి ఎరుపు కనిపిస్తది). చుక్క తడికి అవి లేచి పాకుతాయి, దారిలో ఎన్ ప్రోటీన్ దొరికితే పట్టుకుంటాయి, టీ గీత దగ్గర అదే ప్రోటీన్‌ని పట్టే ఇంకో యాంటీబాడీ కాచుకుని ఉంటుంది, అది రెండో వైపు పట్టుకుంటుంది. అలా వేలకు వేలు ఒక చోట ఆగితేనే కంటికి ఎర్ర గీత. పది ఇరవై ఆగితే ఏమీ కనిపించదు. అంటే స్ట్రిప్ "ఉందా లేదా" చెప్పట్లేదు, "నా కంటికి ఆనేంత ఉందా" చెప్తోంది, అదీ ఆ పూట ఆ ముక్కులో.

ఇంకోటి, చాలామంది సీ గీత వచ్చింది కాబట్టి శాంపిల్ బాగా తీశా అనుకుంటారు. కాదండీ. సీ గీత చెప్పేది నీళ్ళు చివరిదాకా పాకాయని మాత్రమే, మామూలు కిట్లలో స్వాబ్ ముంచకుండా ఉత్త బఫర్ (కిట్‌తో వచ్చే ద్రవం) పోసినా సీ వస్తుంది. నేను కొత్తలో చేసి చూశా.

గుడ్లగూబ_22
అర్థమైంది అన్నా కానీ 102 జ్వరం ఉన్నప్పుడే కదా వైరస్ ఎక్కువ ఉండాలి? అప్పుడు కంటికి ఆనలేదు, జ్వరం పోయాక ఆనింది, ఇదే తలకిందులుగా ఉంది నాకు.

పీజీ_బెంచ్
ఇది నా సబ్జెక్టు, ఆగలేకపోతున్నా 😄

జ్వరం వైరస్ చేసేది కాదు, మీ ఒళ్ళు చేసేది. వైరస్ ఆర్‌ఎన్‌ఏ లోపలికి రాగానే కణాల్లో ఉండే కాపలా ప్రోటీన్లు కనిపెట్టేస్తాయి, ఇంటర్‌ఫెరాన్లు వదుల్తాయి (1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అని ఇద్దరు కనిపెట్టారు, వైరస్‌కి అడ్డు తగులుతోంది కాబట్టి ఆ పేరు), ఐఎల్-1, ఐఎల్-6 లాంటి కబురు ప్రోటీన్లు మెదడుకి కబురు పెడతాయి, అది ఒంటి వేడి సెట్టింగు పెంచేస్తుంది. ఒళ్ళు నొప్పులు, నీరసం, ఆకలి లేకపోవడం, ఇదంతా మన సొంత సరుకే. అంటే మీ దగ్గర రెండు గడియారాలున్నాయి, ఒకటి వైరస్ ఎంత పెరిగిందో చెప్పేది, ఇంకోటి ఒళ్ళు ఎంత గోల చేస్తోందో చెప్పేది. కిట్ మొదటి దాన్ని చూస్తుంది, మీరు రెండో దాన్ని చూసుకుని కిట్ ఓపెన్ చేస్తున్నారు.

2020లో ఎవరికీ ఈ వైరస్ పరిచయం లేదు, ఒళ్ళు లేటుగా మేల్కొనేది, లక్షణాలు మొదలయ్యే టైముకే ముక్కులో వైరస్ దాదాపు శిఖరం మీద ఉండేది, అందుకే మొదటి రోజు టెస్టులే బాగా పట్టేవి. ఇప్పుడు అందరికీ టీకాలో, పాత ఇన్‌ఫెక్షన్లో, రెండూనో ఉన్నాయి. మెమరీ కణాలు ఉన్నాయి కాబట్టి కొంచెం వైరస్ చూడగానే గోల మొదలు. కుక్క ముందే మొరిగేస్తోంది, దొంగ ఇంకా గోడ మీదే ఉన్నాడు. ఒమిక్రాన్ టైములో చూస్తే వైరస్ శిఖరం లక్షణాలు మొదలైన సుమారు నాలుగో రోజుకి జరిగింది. మీ సోమవారం నుంచి లెక్కేసుకోండి.

గుడ్లగూబ_22
గురువారం, శుక్రవారం!! అమ్మో అంటే నేను మాస్కు తీసేసి తిరిగిందే సరిగ్గా అప్పుడు.

పీజీ_బెంచ్
అదే బాధ. అందుకే 2022 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, టెస్టుల మీద అజమాయిషీ చేసే సంస్థ) మాట మార్చింది, లక్షణాలుంటే 48 గంటల తేడాతో కనీసం రెండు సార్లు, లక్షణాలు లేకుండా ఎవరినో కలిశామనే భయం ఉంటే మూడు సార్లు చేసుకోమని. మీరు రెండు చేశారు కానీ మధ్యలో పన్నెండు గంటలే.

ఫ్లూ కథ మళ్ళీ వేరే, దాంట్లో వైరస్ మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ, తర్వాత గబగబా పడిపోతుంది, లేటుగా చేస్తే దొరకదు. ఒకే కిట్‌లో ఫ్లూ, కోవిడ్ రెండూ వచ్చేవి ఉన్నాయి కదా, ఒకే రోజు చేస్తే ఒకదానికి త్వరపడినట్టు ఇంకోదానికి లేటైనట్టు అవుతుంది, నవ్వొస్తుంది.

వాదన_రాయుడు
సరే ఒప్పుకున్నా టాస్ కాదు. కానీ డబ్బా మీద 97, 98 శాతం అని గుద్దుతారే, అది మాత్రం ఏ లెక్క? ఇంత కథ ఉంటే అట్ట మీద ఎందుకు రాయరు? పీసీఆర్ చేయిస్తే పోలా?

ఊపిరి_డాక్టరు
నేను ఛాతీ ఓపీలో రోజూ ఇదే చెప్తుంటా కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

డబ్బా మీద అంకె చాలాసార్లు వైరస్ ఎక్కువున్న, మొదటి వారంలో తీసిన శాంపిళ్ళ మీద వచ్చింది. బయట అందరినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష (ఎన్నో అధ్యయనాల్ని కలిపి తూచేది) 2022లో వచ్చింది, లక్షణాలున్నవాళ్ళలో సగటున 73 శాతం పట్టింది, లేనివాళ్ళలో 55 శాతమే, మొదటి వారంలో 80 దాకా, రెండో వారానికి 54కి పడింది. కానీ రోగం లేనివాళ్ళకి లేదని చెప్పడంలో 99 శాతం పైనే. డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన కనీస గీత ఉన్నవాళ్ళని పట్టడంలో 80, లేనివాళ్ళకి లేదనడంలో 97.

అంకెలు వినగానే వదిలేయకండి, లెక్క వేస్కోండి. దగ్గూ జ్వరం ఉన్న 1000 మంది వచ్చారు, అందులో 300 మందికి నిజంగా కోవిడ్ అనుకుందాం. 70 శాతం పట్టే టెస్టు 210 మందిని పట్టి 90 మందిని వదిలేస్తుంది, రోగం లేని 700 మందిలో ఓ ముగ్గురికి ఉత్తినే పాజిటివ్ అంటుంది. నెగెటివ్ కాగితం పట్టుకుని వెళ్ళే 787 మందిలో 90 మందికి రోగం ఉంది, అంటే దాదాపు తొమ్మిది మందిలో ఒకరికి. ఇప్పుడు ఏ లక్షణమూ లేని 1000 మంది, అందులో ఐదుగురికే ఉంది అనుకోండి, టెస్టు ముగ్గుర్ని పడుతుంది, లేనివాళ్ళలో ఒక నలుగురికి ఉత్తినే పాజిటివ్ అంటుంది. పాజిటివ్ వచ్చిన ఏడుగురిలో నలుగురు ఉత్తుత్తి! కిట్ అదే, మనుషుల గుంపు మారింది అంతే. ఈ లెక్క తెలీకుండా సెన్సిటివిటీ (ఉన్నవాళ్ళలో ఎంతమందిని పడుతుంది) గురించి కొట్టుకోవడం టైం వేస్టు.

ఇక పీసీఆర్. అది ఉన్న జన్యు ముక్కనే రెట్టింపు, మళ్ళీ రెట్టింపు చేసుకుంటూ ముప్పై నలభై సార్లు పోతుంది కాబట్టి గోరంత ఉన్నా కొండంత చేసి చూపిస్తుంది. పట్టడంలో దానికి సాటి లేదు. కానీ చచ్చిన వైరస్ ముక్కల్ని కూడా పడుతుంది, వారాల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. "నాకు రోగం వచ్చిందా" అంటే పీసీఆర్, "ఈ రోజు నా దగ్గర్నుంచి పక్కవాడికి అంటుకునేంత ఉందా" అంటే యాంటీజెన్ దానికి దగ్గరగా జవాబు చెప్తుంది. మా ఆస్పత్రిలోనే పీసీఆర్ పాజిటివ్ అని నాలుగో వారంలో ఆపరేషన్ వాయిదా వేసిన కేసులు చూశా, ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చిన్నోడి_అమ్మ
డాక్టర్ గారూ నమస్తే అండీ. మా బాబుకి ఏడు నెలలు, పోయిన వారం గసపెట్టి ఊపిరి తీస్కుంటుంటే తీస్కెళ్ళాం, ముక్కు టెస్టులో ఆర్‌ఎస్‌వీ (ఊపిరితిత్తులకి సోకే ఒక వైరస్) అన్నారు. ఇప్పుడు మా నాన్నగారికి అదే దగ్గు, అదే టెస్టు చేస్తే నెగెటివ్ వచ్చింది. ఆయనకి 71. బాబు దగ్గరే పడుకునేవారు. ఇది వేరేదా? నాన్న "చూశావా నాకేం లేదు" అని ఒకటే పోరు.

ఊపిరి_డాక్టరు
అమ్మా, ముందు బాబు ఎలా ఉన్నాడు? పాలు తాగుతున్నాడా, డొక్కలు ఎగరేయడం తగ్గిందా?

నాన్నగారి నెగెటివ్‌ని నేను నమ్మను. ఆర్‌ఎస్‌వీ రాపిడ్ టెస్టులు పసిపిల్లల్లో సుమారు 80 శాతం పడితే పెద్దవాళ్ళలో 30 శాతం కూడా పట్టవు. పిల్లాడికి ఇది మొదటిసారి, అడ్డు చెప్పే యాంటీబాడీలు తక్కువ, ముక్కు నిండా వైరస్. పెద్దాయన జీవితంలో ఎన్నోసార్లు చూశారు, ముక్కులో ఐజీఏ అనే యాంటీబాడీ ఉంటుంది, వైరస్ కొద్దిగానే కనిపిస్తుంది, కానీ 71 ఏళ్ళ ఊపిరితిత్తికి ఆ కొద్దే చాలొచ్చు. ఆయాసం ఉన్నా, వేలి ఆక్సిజన్ 94 కిందకి దిగినా ఈ ఫోరంలో అడక్కండి, తీస్కెళ్ళండి. పెద్దవాళ్ళలో ఆర్‌ఎస్‌వీ చూడాలంటే పీసీఆరే.

చిన్నోడి_అమ్మ
బాబు బానే ఉన్నాడండీ, రాత్రి నిద్రపోయాడు. నాన్నకి 96 ఉంది. రేపు తీస్కెళ్తా, మీ మెసేజ్ చదివి వినిపించా, గొణుగుతున్నారు కానీ సరే అన్నారు.

పీజీ_బెంచ్
ఆర్‌ఎస్‌వీ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పి వెళ్తా, ఇమ్యూనిటీ ఎక్కువైతే మంచిదే అనుకునేవాళ్ళు వినాల్సింది. 1960లలో ఆర్‌ఎస్‌వీకి ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌తో టీకా చేసి పసిపిల్లలకి వేశారు. యాంటీబాడీలు బాగానే వచ్చాయి. తర్వాత నిజం వైరస్ తగిలితే టీకా వేసుకున్న పిల్లలకే ఎక్కువ ముదిరింది, ఒక గుంపులో ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళలో 80 శాతం ఆస్పత్రి పాలయ్యారు, ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. వచ్చిన యాంటీబాడీలు వైరస్‌కి అతుక్కునేవే కానీ ఆపేవి కావు, పైగా టీ కణాల (ఒక రకం రక్షణ కణాలు) స్పందన తప్పుదారి పట్టి ఊపిరితిత్తుల్లో వాపు తెచ్చింది. ఎందుకంటే వైరస్ మీది ఎఫ్ ప్రోటీన్‌కి రెండు రూపాలు, కణంలోకి దూరకముందు ఒకటి, దూరాక ఒకటి, ఆపే యాంటీబాడీలు ఎక్కువగా వచ్చేది మొదటి రూపానికి, ఫార్మలిన్ టీకాలో మిగిలింది దాదాపు రెండోదే. ఆ మొదటి రూపం ఎలా ఉంటుందో 2013లో తేలింది, దాన్ని ఆ భంగిమలోనే బిగించి చేసిన టీకాలు 2023కి వచ్చాయి. దాదాపు అరవై ఏళ్ళు! "యాంటీబాడీ ఉంది" అనే మాటకి విడిగా అర్థం లేదని మా మేడమ్ ఊరికే అనరు, ఏ ముక్కకి వచ్చింది, ఏం పని చేస్తుంది, అది అడగాలి.

కొత్తగా_చేరా
మధ్యలో దూరుతున్నా సారీ. నాకు మూడు నెలల కింద కోవిడ్ వచ్చి తగ్గింది, మొన్న రక్తం టెస్టులో ఐజీజీ పాజిటివ్ అని వచ్చింది. అంటే ఇంకా వైరస్ లోపల ఉన్నట్టా?

ల్యాబ్‌కోటు
లేదు తమ్ముడూ. అది యాంటీబాడీ టెస్టు, ఇక్కడ మాట్లాడేది యాంటీజెన్. పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి, కౌంటర్ దగ్గర రోజుకి నలుగురు తికమక పడతారు. యాంటీజెన్ వైరస్ సరుకు, యాంటీబాడీ నీ సరుకు. ఐజీజీ మామూలుగా రెండో వారంలో పైకొచ్చి నెలల తరబడి ఉంటుంది, అంటే నీ ఒంటికి ఆ వైరస్ పరిచయం అని, అంతే. ఇప్పుడు ఉందా అనేదానికి పనికిరాదు.

కొత్తగా_చేరా
మా ఫ్రెండ్‌కి అదే టెస్టులో అంకె చాలా తక్కువొచ్చింది, ఇమ్యూనిటీ జీరో అయిపోయిందని బూస్టర్ కోసం పరిగెడుతున్నాడు.

పీజీ_బెంచ్
రక్తంలో యాంటీబాడీ తగ్గడం మామూలే, తగ్గకపోతే జీవితంలో వచ్చిన ప్రతి జలుబు యాంటీబాడీలతో రక్తం పాకంలా చిక్కబడిపోయేది. అసలు జ్ఞాపకం బీ, టీ మెమరీ కణాల్లో ఉంటుంది, ఆ టెస్టు వాటిని చూడదు. 2003 సార్స్ (కోవిడ్ వైరస్‌కి చుట్టం) నుంచి బతికినవాళ్ళలో 17 ఏళ్ళ తర్వాత కూడా దాని ఎన్ ప్రోటీన్‌ని గుర్తుపట్టే టీ కణాలు దొరికాయి. ఇంకా గమ్మత్తు, 1918 ఫ్లూ టైములో పుట్టి ఉన్న 32 మందిని 2008లో పరీక్షించారు, అందరికీ తొంభై దాటాయి, వాళ్ళ రక్తంలో ఇంకా ఆ 1918 వైరస్‌ని ఆపే యాంటీబాడీలున్నాయి. తొంభై ఏళ్ళు! నాకు నిన్నటి క్లాసు గుర్తుండదు.

కాకపోతే అది ఊపిరితిత్తి దాకా ముదరకుండా కాపాడే జ్ఞాపకం. ముక్కులో దిగకుండా ఆపే ఐజీఏ త్వరగా పల్చబడుతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ అంటుకుంటుంది. మీ ఫ్రెండ్‌కి వయసు, షుగర్, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఇలాంటివేమైనా ఉంటే బూస్టర్ మాట డాక్టర్‌ని అడగమనండి, ఆ అంకె చూసి మాత్రం కాదు.

చేతిమీద_బొడిపె
నాదీ ఇలాంటిదే, టీబీ. జాబ్ మెడికల్‌లో చేతికి సూదేశారు, మూడో రోజు స్కేలు పెట్టి 14 మిల్లీమీటర్లు, పాజిటివ్ అన్నారు. దగ్గు లేదు ఏం లేదు. నాకు టీబీ ఉన్నట్టా? రెండు రాత్రులు నిద్ర లేదు. ఒక చోట రక్తంలో టీబీ యాంటీబాడీ టెస్టు చేయించుకోమని సలహా ఇచ్చారు, చేయించనా?

ఊపిరి_డాక్టరు
ఆ యాంటీబాడీ టెస్టు వద్దు బాబూ, డబ్బు దండగ. ఉన్నవాళ్ళకి లేదని, లేనివాళ్ళకి ఉందని చెప్తుందని 2011లోనే డబ్ల్యూహెచ్‌ఓ వాడొద్దని చెప్పేసింది. ఇంకా ఎక్కడో ఒకచోట రాస్తూనే ఉంటారు.

చేతి సూది విషయం ఈ థ్రెడ్‌లో మిగతావాటికి తిరగేసినట్టు ఉంటుంది. కిట్‌లో మనం యాంటీబాడీ పెట్టుకుని ఒంట్లో యాంటీజెన్ కోసం వెతికాం, ఇక్కడ యాంటీజెన్‌ని మనమే చర్మంలోకి ఎక్కించి "ఇది నీకు తెలుసా" అని ఒంటిని అడుగుతున్నాం. తెలిసిన టీ కణాలుంటే రెండు మూడు రోజుల్లో అక్కడ పోగవుతాయి, గట్టి బొడిపె వస్తుంది. ఎరుపు కాదు, ఆ గట్టిదనమే కొలవాలి, 48 నుంచి 72 గంటల మధ్య. తెలుసు అంటే రోగం ఉందని కాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతుకి ఈ బ్యాక్టీరియా పరిచయం, వాళ్ళలో జీవితకాలంలో 5 నుంచి 10 శాతానికే జబ్బుగా మారుతుంది. చిన్నప్పుడు వేసిన బీసీజీ (టీబీ టీకా) కూడా బొడిపె తెప్పించగలదు, ఆ తేడా కావాలంటే ఇగ్రా అనే రక్తపరీక్ష ఉంది, దాంట్లో వాడే రెండు ప్రోటీన్లు బీసీజీలో లేవు. కానీ ఇగ్రా కూడా నిద్రపోతున్న టీబీయా లేచిన టీబీయా చెప్పలేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి, కళ్ళె వస్తే దాన్ని జన్యు పరీక్షకి ఇవ్వండి, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయేమో చూసుకోండి. ఇవాళ పడుకోండి.

ల్యాబ్‌కోటు
యాంటీజెన్ ముక్కులోనే వెతకాలని కూడా లేదు, ఇది నాకిష్టమైన ముచ్చట. లీజియోనెల్లా న్యుమోనియా ఉంది కదా (1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకి వచ్చినవాళ్ళకి సోకి బయటపడింది), దాని యాంటీజెన్ కిడ్నీలోంచి జారి మూత్రంలోకి వచ్చేస్తుంది, స్ట్రిప్ ముంచితే చాలు. అయితే ఎక్కువ కిట్లు సీరోగ్రూప్ 1 అనే ఒక రకాన్నే పడతాయి, మిగతావి వదిలేస్తాయి. న్యుమోనియా తెచ్చే ఇంకో బ్యాక్టీరియా న్యుమోకాకస్‌ది కూడా మూత్రంలో దొరుకుతుంది, కానీ చిన్నపిల్లల్లో చేయొద్దు, వాళ్ళ ముక్కులో ఆ బ్యాక్టీరియా ఊరికే కాపురం ఉంటుంది, జబ్బు లేకపోయినా పాజిటివ్ అంటుంది. హెచ్ఐవీ బాగా ముదిరినవాళ్ళలో టీబీ గోడ ముక్క లామ్ కూడా మూత్రంలోనే చూస్తారు, కళ్ళె తీయలేని మనిషికి అదే దిక్కు.

అన్నీ_తెలిసినోడు
ఇంత లెక్చర్ అక్కర్లేదు. జ్వరం మన ఇమ్యూనిటీ గోల అని మీరే అన్నారు. మరి మొదటి రోజే స్టెరాయిడ్ బిళ్ళ వేసి నోరు మూయిస్తే సరి, నేనదే చేస్తా, రెండో రోజుకి ఫ్రెష్.

ఊపిరి_డాక్టరు
దయచేసి ఇలాంటివి రాయకండి. 2020లో బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్‌లో కోవిడ్ రోగుల మీద ఇదే చూశారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అక్కర్లేని వాళ్ళలో ఏ లాభమూ లేదు, నష్టం వైపే మొగ్గింది. మొదట్లో ఆ గోలే వైరస్‌ని ఆపేది, ముదిరాక ఆ గోలే ఊపిరితిత్తిని పాడు చేసేది. మందు అదే, రోజు తేడా.

పీజీ_బెంచ్
దీనికి తోడు, ప్రాణాపాయ స్థితికి వెళ్ళిన 987 మంది కోవిడ్ రోగుల్లో 101 మందికి సొంత ఇంటర్‌ఫెరాన్లనే ఆపేసే యాంటీబాడీలు ఉన్నాయని 2020లోనే తేలింది. అంటే మొదటి గోల నోరు ముందే కట్టేసి ఉంది, అందుకే ముదిరింది. మీరు బిళ్ళతో కట్టేస్తున్నారు.

మోడరేటర్
"అన్నీ_తెలిసినోడు", మందుల పేర్లు మోతాదులు సలహాగా రాయకూడదని రూల్ ఉంది, ఇది మొదటి హెచ్చరిక. మిగతా థ్రెడ్ బాగుంది, కొనసాగించండి.

వాదన_రాయుడు
నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి, మా వాడు స్కూలు ఎగ్గొట్టడానికి కిట్‌లో కూల్‌డ్రింక్ పోసి పాజిటివ్ తెప్పించాడు. ఆ రోజు నుంచి నాకు కిట్ల మీద కోపం. ఇప్పుడు చూస్తే కోపం వాడి మీద పెట్టుకోవాల్సింది.

ల్యాబ్‌కోటు
😂 పులుపుకి ఆ యాంటీబాడీలు రూపు చెడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి అండీ, బఫర్ ఉండేదే అలా కాకుండా. బఫర్ కలిపి మళ్ళీ చేయించాల్సింది, దొరికిపోయేవాడు.

గుడ్లగూబ_22
అప్‌డేట్. ఈ రోజు తొమ్మిదో రోజు. పొద్దున చేశా, 15 నిమిషాలకి ఏం లేదు, పక్కన పెట్టి పనిలో పడ్డా, గంట తర్వాత చూస్తే టీ దగ్గర దారప్పోగంత బూడిద రంగు గీత. ఇది లెక్కలోకి వస్తుందా?

ల్యాబ్‌కోటు
రాదు. టైం దాటాక తడి ఆరి అలాంటి నీడలు పడతాయి, రాసిన టైంలో చూసిందే రిజల్టు. ఎర్రగా, రాసిన టైంలో వస్తే మాత్రం ఎంత పల్చగా ఉన్నా పాజిటివే.

గుడ్లగూబ_22
నిజం చెప్పాలంటే 15 నిమిషాలని గడియారం చూడలేదు, అందాజుగా.

ల్యాబ్‌కోటు
అయితే దాన్ని పారేసి రేపు చెయ్యి. ముక్కు చీది, ఒకే స్వాబ్‌తో రెండు వైపులా తిప్పి, ఫోన్‌లో టైమర్ పెట్టి. అప్పటిదాకా మాస్కు తీయకు.

చిన్నోడి_అమ్మ
నాన్నకి పీసీఆర్‌లో ఆర్‌ఎస్‌వీ పాజిటివ్ వచ్చిందండీ. ఇప్పుడు మాట్లాడట్లేదు.